తాత గురక ఆగాక

మేడ మీది గది, ఇల్లు.
వానలు వెనకబట్టిన నెల.

చిన్నోడికి,

నువ్వు బయల్దేరిన రోజు నాకు సరిగా గుర్తు లేదు. పెట్టెలు, తాళ్ళు, కేకలు, అంతే. అందుకని అంతకు ముందురోజు పొద్దుట గురించి రాస్తాను. అది మామూలు పొద్దుటే. మామూలువే మనసులో నిలుస్తాయి.

తెల్లవారుతుండగా లేచి కిటికీ దగ్గర ప్రార్థన చేసుకున్నాను. కిందికి వచ్చేసరికి మరదలు కుళాయి కింద బకెట్ పెట్టింది. నీళ్ళు నిండేకొద్దీ ధార గొంతు మారుతుంది కదా, అడుగున లావుగా, అంచు దగ్గర సన్నగా. నువ్వు మెట్ల పక్కన పగిలిన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నావు. ఒక చెంప నురగ, ఒక చెంప మనిషి. నడిపోడు షెడ్డుకు వెళ్ళే తొందరలో ఇల్లంతా తిరుగుతున్నాడు.

"నా పానా ఎవరు తీశారు?"

"నీ చొక్కా జేబులో ఉంది," అన్నావు అద్దంలోంచే.

వాడు తడుముకున్నాడు. "అది నాకు తెలుసు. నీకు కళ్ళున్నాయో లేదో చూశాను."

"దొరికిందిగా, ఇక అరవకండి. వీధి చివర కుక్క కూడా లేచింది," అంది మరదలు.

"లేవనీ. ఎల్లుండి నుంచి మీ మరిది సముద్రాన్ని పిండి కరెంటు తీస్తాడట. పిండాక ఆరెయ్యడానికి తీగ కట్టాలి, కుక్కని కూడా సాయం రమ్మను."

నువ్వు నవ్వలేదు. రెండో చెంప గీసుకోవడం మొదలుపెట్టావు. మాట పెరగలేదు కాబట్టి నేను కల్పించుకోలేదు. ఒక్క సంగతి మాత్రం నీకు తెలియదు. నడిపోడు గుమ్మం దాటబోయి వెనక్కి వచ్చాడు. నీ పెట్టెకు కట్టిన తాడు విప్పి, ముడి మార్చి బిగించి కట్టి, అప్పుడు వెళ్ళాడు. పడవల ఇంజన్లు బాగుచేసేవాడి ముడి అది. నీ పెట్టె దారిలో ఊడలేదంటే అందుకే.

షెడ్డులో నీ సుత్తి నీ మేకుకే ఉంది. వాడు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

మీ చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది నుంచి, సాయంత్రం ప్రార్థన అయ్యాక మీ ఇద్దర్నీ కాసేపు కదలకుండా కూర్చోబెట్టేదాన్ని. ఎవరికి ఏ చప్పుడు వినిపించిందో చెప్పమనేదాన్ని. నువ్వొకసారి చీమ నడిచింది అన్నావు. అబద్ధమని నడిపోడు మొట్టాడు. నేను మాత్రం నమ్మాను. ఆ అలవాటు మానకు. ప్రతి ఉత్తరం చివర నువ్వు విన్నవి రాయి. క్షేమమని రాయనక్కర్లేదు, దాన్నిబట్టి తెలుసుకుంటాను.

ఇక్కడివి: కుళాయి. మెట్ల మీద మరదలి చెప్పులు. నడిపోడి కేక. నా కుట్టుమిషను.

దేవుడు నిన్ను చూసుకుంటాడు.

అక్క


యంత్రం గది, నడిసముద్రంలో ఒక రాయి.
చలి మొదలు.

అక్కా,

నీ ఉత్తరం సరుకుల పడవలో టమాటాల బుట్ట కింద వచ్చింది. సగం అక్షరాలు టమాటా తాగేసింది, మిగతా సగం నేను తాగాను.

ఇక్కడ ముగ్గురం. మేస్త్రి, వంటాయన, నేను. రాయి ఎంతంటే, ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివరివాడు పైకి చూస్తాడు, వాన అనుకొని. రాతి అంచున సిమెంటు గది ఒకటి కట్టారు. కింద భాగం సముద్రంలోకి తెరిచి ఉంటుంది. అల వస్తే గదిలో నీళ్ళు లేస్తాయి, నీళ్ళు లేస్తే పైనున్న గాలికి చోటు చాలదు, అది గొట్టంలోంచి తోసుకొని బయటికి పోతుంది. గొట్టంలో చక్రం ఉంది. ఆ గాలికి తిరుగుతుంది, కరెంటు పుడుతుంది. అల వెనక్కి పోతే గది మళ్ళీ గాలి పీల్చుకుంటుంది. అప్పుడూ చక్రం తిరుగుతుంది. తమాషా ఏమిటంటే గాలి బయటికి పోయినా, లోపలికొచ్చినా, చక్రం ఒకే వైపు తిరుగుతుంది. రెక్కలు అలా చేశారు. అంతే అక్కా, అన్నయ్య అన్నట్టు పిండడం ఏమీ లేదు. సముద్రం ఊపిరి తీసుకుంటుంటే మధ్యలో చెయ్యి పెట్టాం.

ఆ ఊపిరి చప్పుడు నీకు ఎలా చెప్పను? కడుపు నిండా తిని పడుకున్న ముసలాయన గురక, దాన్ని వెయ్యింతలు చెయ్యి. అందుకే మేం దాన్ని తాత అంటాం. లోకంలో ఎక్కడైనా తాత గురక పెడితే ఇంట్లోవాళ్ళు తిట్టుకుంటారు. ఇక్కడ గురక తగ్గితే మాకు భయం. ఎదుటి ఒడ్డున చిన్న ఊరు ఉంది, పట్టుమని యాభై కొంపలు. ఆ ఊరి దీపాలన్నీ తాతవే. మొదటి సాయంత్రం మేస్త్రి మీట వేశాడు. అటు ఒడ్డున ఒక్కొక్కటే వెలిగాయి. మేస్త్రి ఏదో అన్నాడు. వినపడలేదు. వంటాయన ఏడుస్తున్నాడు. అడిగితే ఉల్లిపాయ చూపించాడు.

మాటలు పనికిరావు ఇక్కడ. చెవుల్లో దూది పెట్టుకొని చేతులతో చెప్పుకుంటాం. వంటాయన బొటనవేలు నోటి దగ్గర పెడితే భోజనం. మేస్త్రి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంటే నేనేదో పాడుచేశానని.

పెద్ద అలల కాలం వస్తే పడవ ఆగిపోతుంది. మళ్ళీ అలలు తగ్గేదాకా రాదు. అప్పటికి కావలసిన సరుకులు ముందే దించుకుంటాం. అప్పుడు ఉత్తరాలు ఉండవు, కంగారుపడకు.

నేను విన్నవి: తాత. అంతే. పక్కనున్నవాడు చెవిలో అరిచినా సగమే. చీమలు ఇక్కడ ఎంత నడిచినా లాభం లేదు.

అన్నయ్య ముడి విప్పలేక తాడు కోశాను. చెప్పకు.

చిన్నోడు


మేడ మీది గది, ఇల్లు.

చిన్నోడికి,

ఉత్తరం అందింది. ఎటు గాలి వీచినా ఒకే వైపు తిరిగే చక్రం గురించి రెండు రోజులు ఆలోచించాను. ప్రార్థన అలా ఉండాలి. నాది ఇంకా అలా లేదు.

నీ ఉత్తరం బల్ల మీద పెట్టాను. నడిపోడు కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ మూడుసార్లు చదివాడు. నాలుగోసారికి కళ్ళజోడు దొరకలేదని నిజంగానే వెతికాడు, అది నెత్తి మీద ఉంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "గాలి మరీ ఎక్కువైతే బయటికి వదలడానికి వాల్వు ఉంటుందిగా, అది సరిగా తెరుచుకుంటోందా? ఉప్పుగాలికి పట్టేస్తుంది. అడుగు వాణ్ణి," అన్నాడు. "నేనడిగానని రాయకు," అన్నాడు. రాస్తున్నాను.

తాడు సంగతి చెప్పలేదు.

ఈ వారం ఎదురింటివాళ్ళు గోడకు సున్నం వేశారు. మధ్యాహ్నం ఆ వెలుగు నా మిషను మీద పడుతోంది. బడిపిల్లల చొక్కాలు కుడుతున్నాను, అన్నీ నీలం. కిటికీ అంచు మీద ఒక పావురం గూడు కట్టాలని రోజూ పుల్ల తెస్తోంది, రోజూ గాలి పడేస్తోంది. అది మానలేదు.

మరదలు ఈమధ్య నాతో తక్కువ మాట్లాడుతోంది. ఎందుకో తెలియదు. దేవుడికి చెప్పుకుంటున్నాను.

వాల్వు సంగతి రాయి.

అక్క


యంత్రం గది.

అక్కా,

ఇక్కడ అంతా బాగుంది. తాత బాగున్నాడు. వాల్వు బాగుందని అన్నయ్యతో చెప్పు. వాడు అడగలేదు కాబట్టి చెప్పొద్దులే.

ఈమధ్య పని కొంచెం ఎక్కువ. అందుకే పోయిన పడవకు రాయలేదు. మేస్త్రీ, వంటాయనా కులాసా. వంటాయన బొటనవేలు అలాగే ఉంది. నేను బాగా తింటున్నాను. చలి ఉంది కానీ రెండు కంబళ్ళు కప్పుకుంటున్నాను. నువ్వు కుట్టిన ఉన్ని చొక్కా పైన కోటు, ఇక చలి ఏం చేస్తుంది?

పావురం గూడు కట్టిందా? ఆ పుల్లల్ని గాలి పడెయ్యకుండా నువ్వు కాస్త దారంతో కట్టకూడదూ? నువ్వు కట్టవు, నాకు తెలుసు. దాని పని దాన్ని చేసుకోనివ్వాలంటావు.

నేను విన్నవి: సాయంత్రం రేకుల మీద వాన, ముందు ఒక్కొక్క చినుకు, తర్వాత అన్నీ కలిసి. కెటిల్ మూత. గిన్నెలో నా చెంచా. దూరంగా ఒక పక్షి, పేరు తెలియదు, తలుపు కిర్రుమన్నట్టు అరుస్తుంది.

అందర్నీ అడిగానని చెప్పు.

చిన్నోడు


ఇల్లు.

చిన్నోడికి,

నీ ఉత్తరం నడిపోడికి చూపించలేదు. నువ్వు విన్నవి మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను.

పక్కనున్నవాడు చెవిలో అరిచినా సగమే వినపడుతుందని రాశావు. మరి రేకుల మీద మొదటి చినుకు ఎలా వినపడింది? చెంచా ఎలా వినపడింది? అందులోనూ "నా చెంచా" అన్నావు. ముగ్గురు తినేచోట ఒక్క చెంచానే మోగింది.

నాకు యంత్రాలు తెలియవు. నువ్వు తెలుసు. చప్పుళ్ళ విషయంలో నువ్వెప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేకపోయావు. మిగతాదంతా కోటు కప్పినట్టు కప్పావు.

తాత ఎప్పుడు ఆగాడు? నీతో ఎవరున్నారు?

కోపం లేదు. రాయి.

అక్క


యంత్రం గది.
గాలి మారింది.

అక్కా,

నువ్వు అడిగిన వరుసలోనే చెబుతాను. తాత ఆగి చాలా రోజులైంది. నాతో ఎవరూ లేరు.

ఆ రోజు అలలు పెద్దవి. మరీ అంత కాదు, మేం చూసినవే. పెద్ద అల వచ్చినప్పుడు వాల్వు తెరుచుకొని కొంత గాలి పక్కనుంచి వదిలేయాలి. ఉప్పు పట్టి బిగుసుకుంది. గాలంతా చక్రం మీదికే వచ్చింది. గురక కాస్తా ఈల అయింది అక్కా. నేను పరుగెత్తాను. మేస్త్రి నెత్తి మీద చేతులు పెట్టుకోవడం చూశాను. ఈసారి రెండు చేతులూ. బ్రేకు పడేలోపు రెక్కలు విరిగాయి. ఎవరికీ దెబ్బలు లేవు. తర్వాత అంతా ఆగిపోయింది. దూది తీశాను. సముద్రం చప్పుడు అప్పుడే మొదటిసారి విన్నాను, ఇన్నాళ్ళూ దాని మధ్యలోనే ఉండి.

అన్నయ్య ఏదైతే అడిగాడో అదే జరిగింది. వాడి ప్రశ్న ఉన్న నీ ఉత్తరం, కంపెనీవాళ్ళు వచ్చిన పడవ, రెండూ ఒకే రోజు అందాయి. ఇక నీకు ఏం రాయను?

కంపెనీవాళ్ళు చూశారు, గీసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. పెద్ద అలల కాలం అయ్యాక మళ్ళీ వస్తారట. అప్పటికి షాఫ్టు బాగుంటే కొత్త రెక్కలు వేస్తారు. పట్టేసి ఉంటే ఇక్కడితో మూసేస్తారు. మేస్త్రినీ, వంటాయననీ తీసుకెళ్ళారు. వంటాయన ఆఖరి రోజంతా గొణుగుతూనే ఉన్నాడు, "ఇన్నాళ్ళూ వాడి గురకకి నిద్ర పట్టలేదు, ఇప్పుడు గురక లేక పట్టడం లేదు" అని. నన్నూ రమ్మన్నారు. నేను ఉంటానన్నాను. నీ ఇష్టం అన్నారు.

షాఫ్టు అంటే చక్రానికి వెన్నెముక. కదలకుండా ఒకే చోట ఉంటే దాని బరువంతా బేరింగుల్లో ఒకే వైపు పడుతుంది, ఉప్పుతేమ చేరుతుంది, పట్టేస్తుంది. ఎవరో ఒకరు రోజూ దాన్ని కాస్త తిప్పి, గ్రీజు పెట్టాలి. ఇనప కడ్డీ తగిలించి తిప్పుతున్నాను. ఇద్దరు చేసే పని. ఒక్కణ్ణీ చేస్తున్నాను. అవుతోంది.

ఎదుటి ఊరు చీకటి. సాయంత్రం మూడు నాలుగు కిటికీల్లో కొవ్వొత్తి కాబోలు, పసుపుగా కదులుతుంది. ఒకావిడ రోజూ పొద్దుగూకేవేళ రేవు మెట్ల మీదికొచ్చి ఇటు చూసి వెళ్ళిపోతుంది. దూరం, మొహం కనపడదు. కానీ ఇటే చూస్తుంది. ఆమెకు ఏమని చెప్పను, మనుషులంతా వెళ్ళిపోయారనా?

మొదట్లో పైకి మాట్లాడుకునేవాణ్ణి. "ఇదిగో ఇప్పుడు టీ పెడతాను" అని. ఒకరోజు నా గొంతు నాకే ఎవరిదోలా అనిపించింది. మానేశాను.

అన్నయ్యకు చెప్పకు. ఆ రోజు అద్దంలోంచి వాడి మొహం చూశాను. తీగ మీద ఆరేసే మాట నవ్వుతూనే అన్నాడు. మళ్ళీ ఆ మాట వినలేను.

సరే, నన్ను పట్టుకున్నావు. మరి నీ సంగతి? మొదటి ఉత్తరం తర్వాత ఒక్క చప్పుడూ రాయలేదు నువ్వు. సున్నం, పావురం, నీలం చొక్కాలు. పావురం కూడా మూగదే. నీ వంతు బాకీ ఉంది, పంపు. ఇంటి చప్పుళ్ళు వినాలని ఉంది.

చిన్నోడు


మేడ మీది గది, ఇల్లు.

చిన్నోడికి,

సరదాకి అడిగావు. నిజం చెబుతాను.

నాకు చప్పుళ్ళు అందడం లేదు. కొన్ని నెలలైంది. ముందు పావురాలు పోయాయి, తర్వాత కుళాయి, తర్వాత మరదలి మాట. మొదటి ఉత్తరంలో రాసినవి జ్ఞాపకం మీద రాశాను. అందుకే ఆ పొద్దుట గురించి అంత రాశాను. ఆ రోజు అన్నీ విన్నాను.

మిషను చప్పుడు కాళ్ళకు తెలుస్తుంది. వర్షం కిటికీకి కనపడుతుంది. మనుషులు నోరు తెరిచి మూస్తారు. ఇంట్లో వీళ్ళకు తెలియదు. నేను పలకకపోతే ధ్యానంలో ఉన్నాననుకొని మెల్లగా వెళ్ళిపోతున్నారు. నా భక్తి మీద అందరికీ గౌరవం పెరిగింది. దేవుడు నవ్వుకుంటూ ఉండాలి.

నడిపోడి గొంతు ఒక్కటి ఇంకా అందుతోంది. షెడ్డులో సుత్తి దెబ్బల మధ్య అరిచి అరిచి వాడిది ఇనప గొంతు అయింది. సాయంత్రం వాడు వచ్చాక ఇల్లు ఇల్లులా ఉంటుంది.

ఇంత చెప్పింది జాలి కోసం కాదు. నువ్వు దాచింది చెప్పావు, నేనూ చెప్పాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఆఖరి పడవ ఎక్కు. నడిపోడు ఏమన్నా అననీ. మాట ఒక పూట ఉంటుంది. నువ్వు ఆ కడ్డీ జారి పడితే నీ కేక వినేవాళ్ళెవరు? నడిపోడు తప్ప ఎవరు కేక వేసినా నాకు అందదు. నువ్వు ఎంత కేక వేసినా వినేవాడు లేడు. ఇద్దరిలో ఎవరి పరిస్థితి మెరుగో నాకు తెలియడం లేదు.

రా.

అక్క


యంత్రం గది.

అక్కా,

నీ ఉత్తరం చదివి రాతి చివరికి వెళ్ళి కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు, అల వచ్చి కాళ్ళు తడిపాక లేచాను.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. వదినకు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే అన్నయ్యకు రాస్తాను, ఒట్టు. ఆమె నీతో మాట్లాడకపోవడం కాదు, నీకు వినపడక నువ్వే పలకడం లేదేమో ఆలోచించు. మనుషుల్ని బాగా చదువుతావు, ఎదురుగా ఉన్నామెను చదవలేకపోయావు.

నేను రాలేను అక్కా. రాను అనడం లేదు. నిన్న కడ్డీ జారింది. పడలేదు, మోచెయ్యి గోడకు కొట్టుకుంది. వాచింది కానీ కదులుతోంది. చెప్పకూడదనుకున్నాను, కానీ దాచేవి ఇక వద్దనుకున్నాంగా. భయం వేసింది. నిజం. పెట్టెలో సగం సామాను సర్దుకున్నాను కూడా. ఇవాళ పొద్దున మళ్ళీ కడ్డీ తగిలిస్తే షాఫ్టు మెత్తగా తిరిగింది, నూనె రాసిన తలుపులా. అంత ప్రాణం ఉన్నదాన్ని వదిలి ఎలా వస్తాను? నేను వచ్చేస్తే వారానికి పట్టేస్తుంది. ఆ ఒడ్డున ఆవిడ ఇంకా మెట్ల మీదికొస్తోంది.

వచ్చే వారం పడవ ఆఖరిది. ఆ తర్వాత ఉత్తరాలుండవు. నాకోసం ప్రార్థన చెయ్యి. నీకోసం నేను చేస్తాను, నాకు అంత బాగా రాదు కానీ.

విన్నవి: షాఫ్టు తిరిగిన చప్పుడు. దాదాపు ఏమీ లేనంత. చీమ నడిచినంత. నిజంగా.

చిన్నోడు


ఇల్లు.
ఆఖరి పడవకు ముందు సాయంత్రం.

చిన్నోడికి,

నడిపోడు షెడ్డు నుంచి వచ్చి చేతులు కడుక్కున్నాక వాణ్ణీ మరదల్నీ కూర్చోమన్నాను. నీ ఉత్తరాలన్నీ తెచ్చి ముందు పెట్టాను. చెప్పొద్దన్నావు. దాచేవి ఇక వద్దన్నదీ నువ్వే. రెండో మాట విన్నాను.

నడిపోడు మొదటిది చదివి నవ్వాడు. "ఉల్లిపాయ" దగ్గర మరదలికి కూడా చదివి వినిపించాడు. రెక్కలు విరిగిన ఉత్తరం దగ్గర లేచి నిలబడ్డాడు.

"చెప్పానా? ఆ రోజే చెప్పానా? పొద్దున్నే పడవెక్కి చెవి పట్టుకొని లాక్కొస్తా. రాయి మీద కాకిలా ఒక్కడూ ఏం చేస్తున్నాడక్కడ?"

"షాఫ్టు తిప్పుతున్నాడు," అన్నాను.

"ఒక్కడేనా?"

"ఒక్కడే."

"దేంతో?"

"ఇనప కడ్డీతోనట."

కూర్చున్నాడు. "అటువైపు ఇంకొకడు పట్టుకోకపోతే కడ్డీ వెనక్కి తంతుంది. దవడ పగులుతుంది. వెధవకి ఆ మాత్రం తెలీదా? చెక్క ముక్క అడ్డం పెట్టాడా? ఏ గ్రీజు వాడుతున్నాడు? అది రాయడేం?" అన్నాడు. నీ ఉత్తరం అటూ ఇటూ తిప్పి గ్రీజు పేరు వెతికాడు.

"మీకు తిట్టాలని ఉందా, వెళ్ళాలని ఉందా? ముందు అది తేల్చుకోండి," అందట మరదలు. నాకు వాడి మొహంలో తెలిసింది ఏదో అందని.

అప్పుడు నా చెవుల సంగతి చెప్పాను.

మరదలు ఏడ్చింది. ఏడుస్తూ ఏదో చాలా చెప్పింది. నాకు ఒక్క ముక్క అందలేదు. నడిపోడు మళ్ళీ చెప్పాడు, వాడి గొంతుతో, వీధంతా వినేట్టు. "ఇన్ని నెలలుగా తను పిలిస్తే నువ్వు పలకడం లేదట! నీకు తన మీద కోపం అనుకుందట! ఏం తప్పు చేసిందో తెలీక నీ ఎదుటికి రావడం మానేసిందట!" ఏడుస్తూ మెల్లగా చెప్పిన మాటను అలా అరిపించుకొని విన్నాను. ఇద్దరం నవ్వాం, ఏడ్చాం. వాడు మధ్యలో నిలబడి, "నవ్వుతారేంటి ఇద్దరూ?" అని అరిచాడు. నువ్వు చెప్పింది నిజమే. ఎదురుగా ఉన్నామెను చదవలేకపోయాను.

డాక్టరు దగ్గరికి సోమవారం తీసుకెళ్తుంది. వద్దనలేదు.

తర్వాత నడిపోడు చాలాసేపు నీ ఆఖరి ఉత్తరం పట్టుకొని కూర్చున్నాడు. మోచెయ్యి గురించి రాసినచోట వేలు పెట్టి ఉంచాడు. తలెత్తి నావైపు చూసి ఏదో అన్నాడు. మెల్లగా అన్నాడు, వాడి జన్మలో అంత మెల్లగా అనలేదు. పెదాలు చూసి తెలుసుకున్నాను. "నేను కూడా లేకపోతే నీకెలా అక్కా?"

దానికి జవాబు ఆలోచించుకోనక్కర్లేకపోయింది.

"నాకు వినపడకపోతే ఎవరో ఒకరు వచ్చి భుజం తడతారు. వాడు పడితే తట్టేవాళ్ళెవరు?"

ముగ్గురం ప్రార్థన చేసుకున్నాం. వాడు లేచి వెళ్ళి పానాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. నీకు ఇద్దామని నీ సుత్తి తెచ్చాడు. మళ్ళీ, "వాడే వచ్చి తీసుకుంటాడులే" అని దాన్ని మేకుకు తగిలించి వచ్చాడట.

ఈ సాయంత్రం మేం అనుకున్నది ఇది. నడిపోడు రేపటి పడవలో వస్తున్నాడు. నిన్ను తీసుకురావడానికి కాదు. అలలు తగ్గేదాకా నీతో ఉండి, కడ్డీకి రెండో వైపు పట్టుకోవడానికి. షెడ్డుకు తాళం వేస్తున్నాం. మరదలు తన మంచం నా గదిలోకి మార్చుకుంటోంది. ఆ నెలలన్నీ ఇక్కడికి ఉత్తరం రాదని, వాడి గొంతు కూడా ఉండదని ముగ్గురికీ తెలుసు. తెలిసే అనుకున్నాం.

నువ్వు వద్దంటావు. నన్ను చూసుకొమ్మని వాణ్ణి తిప్పి పంపాలని చూస్తావు. అందుకే వాణ్ణి దింపిన పడవ కనుచూపు దాటాకే ఈ ఉత్తరం నీ చేతికివ్వమని వాడికి చెప్పాను.

అక్క